చెల్లెలు కాని ఒక్క మనిషి

ఆ సోమవారం పొద్దున పతెలిసియో పెట్టుకున్న పనులు నాలుగే. ఆరింటికి చర్చి గంట కొట్టాలి, పందులకు కొబ్బరి వేయాలి, పెండలం మడిలో కలుపు తీయాలి, సాయంత్రం నాలుగింటికి పిల్లలకు సత్యోపదేశం చెప్పాలి. నడిసముద్రపు దీవిలోని మటాఫంగా ఊరి చర్చిలో ఇరవై ఏళ్ళుగా ఉపదేశిగా ఉన్న మనిషికి ఇందులో ఏదీ కొత్త కాదు. వయసు నలభై నాలుగు. పెళ్ళి కాలేదు, దానికి ప్రత్యేకమైన కారణమూ లేదు. అప్పటిదాకా అతని జీవితంలో చెప్పుకోదగ్గ ప్రమాదం ఒక్కటే, ఓసారి కొబ్బరికాయ వచ్చి భుజం మీద పడింది.

కలుపు తీయడానికి వెళ్తుంటే రేవు దగ్గర ఫాదర్ సోవనే చెయ్యూపి పిలిచారు. ఆయన చిన్న దీవుల్లో పూజలు చెప్పడానికి పడవెక్కబోతున్నారు. శనివారం దాకా రారు. చేతిలో ఒక పుస్తకం ఉంది.

"పతెలిసియో, ఇది పట్టుకో. బిషప్ గారి ఆఫీసు నుంచి వచ్చింది. ఆదివారం భద్రమైన అభ్యంగనం తీసుకునే పిల్లలందరికీ ఈలోపు ఈ ఆరు పాఠాలూ చెప్పెయ్యాలట."

"ఈ వారంలోనా ఫాదర్?"

"ఈ వారంలోనే. బిషప్ గారితో పాటు ఫాదర్ బ్రెండన్ అని ఆస్ట్రేలియా ఆయన వస్తున్నారు. పిల్లల్ని లేపి ప్రశ్నలడుగుతారు. చెప్పలేకపోతే ఈ ఏడు అభ్యంగనం లేదు, మళ్ళీ ఏడే."

"ఇంతకీ ఏం పాఠాలు ఫాదర్?"

ఫాదర్ సోవనేకి ఉన్నట్టుండి పడవ తాడు మీద శ్రద్ధ పుట్టింది. "అన్నీ పుస్తకంలో ఉన్నాయిగా. చదువుకో," అన్నారు. నూట పాతిక కిలోల మనిషి, ఎవరి సాయమూ లేకుండా ఒక్క గెంతులో పడవెక్కేశారు. అప్పుడే అనుమానం రావలసింది. పతెలిసియోకి రాలేదు. అట్ట మీద తెల్లటి లిల్లీ పువ్వు బొమ్మ చూసి, పునీతుల జీవితాలేమో అనుకుని, పుస్తకాన్ని చంకలో పెట్టుకుని మడికి పోయాడు. అతని బెంగంతా ఆదివారం గురించే. బిషప్ నుదుట నూనె రాసి పిల్లల్ని విశ్వాసంలో స్థిరపరిచే అభ్యంగనం అది, పంతొమ్మిది మంది పిల్లలకి. వాళ్ళకోసం ఏడాదిగా చాపలు అల్లుతున్నారు, పందుల్ని మేపుతున్నారు. ఆక్లండ్ నుంచి చుట్టాలు విమానం టిక్కెట్లు కొనుక్కున్నారు. ఈ ఏడు లేదు అని చెప్పాల్సి వస్తే అతను మళ్ళీ ఆ ఊళ్ళో తలెత్తుకుని గంట కొట్టలేడు.

నాలుగింటికి హాల్లో ఎనిమిది మంది మగపిల్లలు కిటికీల వైపు, పదకొండు మంది ఆడపిల్లలు గుమ్మం వైపు కూర్చున్నారు. పతెలిసియో సిలువ గుర్తు వేసుకుని, గొంతు సవరించుకుని, మొదటి పాఠం తీసి, గంట కొట్టినంత స్పష్టంగా చదివాడు.

"యువతీ యువకులకు ఒకరి దేహం మీద ఒకరికి కలిగే ఆకర్షణ దేవుడిచ్చిన వరమే. దాని గురించి మనం ఈరోజు సిగ్గుపడకుండా మాట్లాడుకుందాం."

తలెత్తేసరికి హాలు ఖాళీగా ఉంది. మగపిల్లలు కిటికీల్లోంచి దూకేశారు. ఆడపిల్లలు గుమ్మంలోంచి వెళ్ళిపోయారు. ఎనిమిది మందిలో ఒకడు, ఇసిలేలి అనేవాడు, దూకడంలో మోకాలు చెక్కుకుపోయి కుంటుకుంటూ పరిగెత్తడం కనబడింది.

వాళ్ళ తప్పేం లేదు. మటాఫంగాలో బావా మరదలూ అనే వరసలు లేవు. మేనమామ బిడ్డలు, మేనత్త బిడ్డలు, పెదనాన్న బిడ్డలు అందరూ అన్నదమ్ములూ అక్కచెల్లెళ్ళే. ఎప్పుడో నాలుగు తరాల వెనక ముత్తాతలు కలిసినా అంతే. అక్కో చెల్లెలో ఉన్నచోట అన్నదమ్ముల చెవిన అలాంటి మాట పడకూడదు. ఇంట్లో టీవీలో హీరో వచ్చి హీరోయిన్ చెయ్యి పట్టుకున్నాడంటే అన్న లేచి పందులకు మేత వేయడానికి వెళ్తాడు. మటాఫంగా పందులు అంత బలిసి ఉండటానికి కారణం అదే.

పతెలిసియో చెమటలు తుడుచుకుంటూ పుస్తకం ఆసాంతం తిరగేశాడు. ఆరు పాఠాలూ ఆ బాపతే. ఆకర్షణ, ప్రేమ, దేహం, పెళ్ళి, దైవపిలుపు, త్యాగం. మగపిల్లలకైతే ఎలాగో తను చెప్పొచ్చు, రేవులో పడవల పాకలో కూర్చోబెట్టి, తలుపు వేసి. మరి ఆడపిల్లలకు? ఎవరైనా ఆడమనిషే చెప్పాలి. ఊళ్ళో ఉన్న ఆడవాళ్ళందరూ అతనికి అక్కచెల్లెళ్ళే. ఆ పుస్తకం అక్కచెల్లెళ్ళ చేతికి ఇవ్వడం కాదు, దాని పేరు కూడా వాళ్ళముందు పలకలేడు. బయటి దీవుల నుంచి కోడళ్ళుగా వచ్చినవాళ్ళు ఇద్దరో ముగ్గురో ఉన్నారు. కానీ పరాయివాడి పెళ్ళానికి ప్రేమ మీద పుస్తకం ఇవ్వాలంటే దానికి వేరే రకం ధైర్యం కావాలి. పక్క దీవిలో మఠకన్యల దగ్గరికి వెళ్దామంటే అంతదూరం పోయే ఒక్క పడవా ఫాదర్ గారు తీసుకుపోయారు.

కావలసింది తనకు చెల్లెలు కాని మనిషి, ఇంకొకరి భార్య కాని మనిషి. అలాంటిది ఒక్కతైనా ఈ ఊళ్ళో ఉందా అన్నది చెప్పగలిగింది లూపే అత్త ఒక్కతే.

లూపే అతని మేనత్త. మేనత్త మాటంటే ఆ దీవుల్లో తండ్రి కూడా ఎదురు చెప్పడు. డెబ్భై రెండేళ్ళ ఆ మనిషికి ఊళ్ళో ఎవరికి ఎవరు ఏమవుతారో ఆరు తరాల దాకా నోటికి వచ్చు. పతెలిసియో వెళ్ళి గుమ్మం దగ్గర నేలమీద కూర్చున్నాడు. ఆమె చాప అల్లుతోంది.

"అత్తా, ఒక్క సంగతి అడగాలి."

"అడుగు."

"ఈ ఊళ్ళో నాకు అక్కో చెల్లెలో కాని ఆడమనిషి, పెళ్ళి కానిది, ఎవరన్నా ఉందా?"

అత్త చేతులు ఆగిపోయాయి. ఈ ప్రశ్న కోసం ఆమె పాతికేళ్ళుగా ఎదురుచూస్తోంది.

"ఏమన్నావు నాయనా? ఇంకోసారి అను."

అన్నాడు.

"కొంచెం గట్టిగా. పక్కింటివాళ్ళకి వినపడి ఉండదు."

"అత్తా, నువ్వనుకుంటున్నట్టు కాదు. అసలు ఎందుకంటే..." అన్నాడుగాని, ఎందుకో మేనత్త ముందు ఎలా చెప్తాడు? చెల్లెలి ముందు చెప్పలేని మాట మేనత్త ముందు తలుచుకోవడమే పాపం. "ఎందుకో నా నోటితో చెప్పలేను," అని తల దించుకున్నాడు.

"చెప్పక్కర్లేదులే. మీ మావయ్యా చెప్పలేదు. నలభై ఏళ్ళు కాపురం చేశాడు." ఆమె కళ్ళు తుడుచుకుని వేళ్ళు మడవడం మొదలుపెట్టింది. ఫలానా ఇంటి పిల్ల, కాదు, వాళ్ళ ముత్తవ్వ మన ముత్తాతకి చెల్లెలు. ఫలానా వాళ్ళ చిన్నది, అదీ కాదు. రెండు చేతుల వేళ్ళూ మూడుసార్లు అయిపోయాక ఒక్క వేలు మిగిలింది. "నర్సమ్మ. ఆస్పత్రిలో ఫిలోమేనా. నియువా దీవి మనిషి. ముప్ఫై తొమ్మిదేళ్ళుంటాయి. మన కథోలికురాలే. పళ్ళు బాగుంటాయి."

పళ్ళతో తనకేం పని అని పతెలిసియో అడగలేదు. అడిగుంటే కథ అక్కడే ఆగేది. లేచి వచ్చేశాడు. అతను ఇల్లు చేరేలోపు సంగతి ఊరు చేరింది.

మంగళవారం పొద్దున్నే స్నానం చేసి, మర్యాదకి బట్టల మీద కట్టుకునే మంచి చాప నడుముకు చుట్టుకుని, పుస్తకాన్ని బ్రెడ్డు కాగితంలో చుట్టి ఆస్పత్రికి బయల్దేరాడు. సాయం అడగడానికి వట్టి చేతులతో వెళ్ళకూడదు కదా అని మడిలో ఉన్నవాటిల్లో పెద్ద పెండలం ఒకటి తవ్వి భుజాన వేసుకున్నాడు. ఆస్పత్రి అంటే రెండు గదులు, ఒక అరుగు. అరుగు మీద పిల్లలకు సూదిమందు వేయించడానికి ఏడుగురు తల్లులు కూర్చుని ఉన్నారు. ఏడుగురూ చెల్లెళ్ళే. అతన్ని చూడగానే మాటలాపేసి, అతి మర్యాదగా పక్కకు జరిగి దారిచ్చారు.

ఫిలోమేనా సూది చేతిలో పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. "ఏంటి మాస్టారూ, ఒంట్లో బాగోలేదా?"

"బాగానే ఉంది నర్సమ్మా. ఒక పని మీద వచ్చాను."

"ఏం పని?"

పతెలిసియో చెల్లెళ్ళ వైపు చూశాడు. చెల్లెళ్ళు నేలవైపు చూస్తున్నారు. "ఇక్కడ చెప్పేది కాదు," అన్నాడు.

"లోపలికి రండి మరి."

లోపలికి వెళ్ళాడు. గోడ తాటాకు మందం. వెనకాల ఏడుగురు ఊపిరి బిగబట్టినట్టు అతనికి తెలుస్తూనే ఉంది. నోరు తెరిచాడు, మూశాడు, మళ్ళీ తెరిచాడు. ఫిలోమేనా అతన్ని బల్ల మీద కూర్చోబెట్టి, నోట్లో జ్వరం గొట్టం పెట్టి, చెయ్యి పట్టుకుని నాడి చూసింది.

"గుండె నూట ముప్ఫై కొట్టుకుంటోంది. ఎప్పట్నుంచి ఇలా?"

"నిన్నట్నుంచి."

గోడ వెనక ఎవరో కిసుక్కుమన్నారు. పతెలిసియో లేచి, పెండలాన్ని బల్ల మీద పెట్టి, పుస్తకాన్ని మళ్ళీ చంకలో పెట్టుకుని, నోట్లో జ్వరం గొట్టంతో సహా ఇంటికి వచ్చేశాడు. మధ్యాహ్నానికి ఊరంతటికీ రెండు సంగతులు తెలిశాయి. ఒకటి, నర్సమ్మ చెయ్యి పట్టుకోగానే ఉపదేశి గుండె నూట ముప్ఫై కొట్టుకుంది. రెండు, ఇచ్చిన పెండలాన్ని ఆమె తిరిగి పంపలేదు.

బుధవారం పడవల పాకలో మగపిల్లలకు పాఠాలు సాఫీగానే సాగాయి. నిజానికి అంత శ్రద్ధగా వాళ్ళు పదాజ్ఞల పాఠమప్పుడు కూడా వినలేదు. రెండో పాఠంలో ప్రేమించినవాళ్ళు మనసులో మాటను నిజాయితీగా చెప్పాలని ఉంది. అది మొదలుపెట్టబోతుంటే ఇసిలేలి చెయ్యెత్తాడు.

"ఈ పాఠం చెప్పక్కర్లేదు మాస్టారూ. మేం చూస్తున్నాంగా."

"ఏం చూస్తున్నార్రా?"

"పెండలంతో మొదలెట్టాలని మాకు తెలీదు సార్. మేం చాక్లెట్ అనుకుంటున్నాం."

"ఒరేయ్, అది నేను చర్చి పని మీద వెళ్ళాను."

"పెళ్ళి చర్చి పనే కదా మాస్టారూ. నాలుగో పాఠంలో ఉంది."

పతెలిసియో నాలుగో పాఠం తిరగేశాడు. పుస్తకంలో నిజంగానే ఉంది. ఆ రాత్రి కావా వేరు నలిపి కలిపిన మత్తు పానీయం గిన్నె చుట్టూ మగాళ్ళంతా లేచి అతనికి చోటిచ్చారు. ఎప్పుడూ చివర కూర్చునే మనిషిని పెళ్ళయినవాళ్ళ వరసలో కూర్చోబెట్టారు. వద్దంటే మర్యాద కాదు, సరేనంటే ఒప్పుకున్నట్టు. అతను తాగింది తాగినట్టే ఇంటికొచ్చి, పుస్తకం ముందేసుకుని లెక్క వేశాడు. మగపిల్లలకు మూడు పాఠాలయ్యాయి. ఆడపిల్లలకు సున్నా. ఇంకా మూడు రోజులే ఉన్నాయి.

గురువారం మధ్యాహ్నం అతను కాగితం మీద నాలుగు ముక్కలు రాసి నర్సమ్మకు పంపుదామని కూర్చున్నాడు. ఈలోపు లూపే అత్తే గుమ్మంలోకి వచ్చింది. వెనక పిల్లనడగడానికి తీసుకెళ్ళే ఎనిమిది చాపలు, చెట్టు బెరడు దంచి చేసిన బట్టల కట్ట ఒకటి, మాట చెప్పడానికి ఊరి పెద్దమనిషి ఒకాయన, తాడుకు కట్టిన పంది. అది బిషప్ గారి విందుకోసం పెంచిన పంది.

"లే నాయనా. చాప చుట్టుకో."

"అత్తా, ఆ పంది ఆదివారానిది."

"ఆదివారానికి వేరేది చూస్తాను. బిషప్ గారు ఏటా వస్తారు."

మేనత్త లెమ్మంటే లేవడమే. ఊరేగింపు నర్సమ్మ ఇంటికి చేరేసరికి వెనకాల సగం ఊరుంది. పెద్దమనిషి చాప మీద కూర్చుని, సముద్రంతో మొదలుపెట్టి, గాలి మీదుగా, పతెలిసియో తాతల మీదుగా అరగంట మాట్లాడాడు. పంది ఒకటి రెండు సార్లు అడ్డం వచ్చింది. పతెలిసియో తల పైకెత్తలేదు. కాదు అంటే మేనత్త పరువు ఆ పంది ముందే పోతుంది. నర్సమ్మా మనసు నొచ్చుకుని ఇక పుస్తకం ముట్టదు. అవునంటే పెళ్ళి. ఈ రెంటి మధ్యా పదకొండు మంది ఆడపిల్లలున్నారు.

ఫిలోమేనా అంతా విన్నది. విని, "మాస్టారితో ఒక్క అయిదు నిమిషాలు అరుగు మీద మాట్లాడొస్తాను," అంది.

అరుగు మీదికి వెళ్ళాక గొంతు తగ్గించింది. "ఇక్కడ మీ చెల్లెళ్ళు ఎంతమంది ఉన్నారు?"

"కనపడేవాళ్ళు తొమ్మిదిమంది. అరుగు కింద ఎంతమందో తెలీదు."

"అయితే మాట్లాడకండి. మంగళవారం చంకలో పెట్టుకొచ్చింది ఏంటో అది చూపించండి."

పతెలిసియో నడుం చాపలోంచి బ్రెడ్డు కాగితం పొట్లం తీసి ఇచ్చాడు. ఆమె విప్పి, అట్ట చూసి, మొదటి పేజీ చదివి, మధ్యలో ఇంకో పేజీ చదివింది. పెదవి కొరుక్కుంది.

"ఆడపిల్లలకు చెప్పడానికా?"

అతను తలూపాడు.

"నేను కాకపోతే ఇంకెవరూ లేరా?"

మళ్ళీ తలూపాడు.

"ఆదివారంలోపా?" తల ఊపుతూనే ఉన్నాడు. ఆమె పుస్తకం మూసింది. "మరి ఆ పంది?"

"పంది అత్తది," అన్నాడు పతెలిసియో చిన్నగా. ఈ పెళ్ళి సంగతిలో మూడు రోజుల్లో అతను పూర్తిగా చెప్పగలిగిన వాక్యం అదొక్కటే.

ఫిలోమేనా పకపకా నవ్వింది. లోపల లూపే అత్త ఆ నవ్వు విని పెద్దమనిషి మోచెయ్యి పొడిచింది. "వినండి మాస్టారూ," అంది ఫిలోమేనా, నవ్వాపుకుంటూ. "రేపు, ఎల్లుండి ఆడపిల్లల్ని నా దగ్గరికి పంపండి. కాన్పులు చేసే మనిషిని, నాకు సిగ్గేం లేదు. కానీ ఇప్పుడే ఇది పెళ్ళి కాదు, పుస్తకం అని చెప్తే మీ అత్త ఆ ఎనిమిది చాపలూ మోసుకుంటూ ఊరి మధ్యలోంచి వెనక్కి నడవాలి. ఆ ముసలావిడకి ఆ గతి పట్టకూడదు." ఆమె లోపలికి వెళ్ళి అందరికీ వినపడేలా, "జవాబు ఆదివారం చెప్తాను. అందాకా చాపలు ఇక్కడుంటాయి, పంది అత్త దగ్గరుంటుంది," అంది.

శుక్రవారం, శనివారం ఆడపిల్లలు ఆస్పత్రి వెనక గదిలో ఆరు పాఠాలూ పూర్తి చేశారు. లోపల ఏం జరిగిందో ఏ మగాడికీ తెలీదు, తెలుసుకోవడమూ తగదు. నవ్వులు మాత్రం రేవుదాకా వినపడ్డాయి. శనివారం పొద్దున ఇసిలేలి చెల్లెలు కతలీనా దారిలో పతెలిసియోని ఆపింది. "మాస్టారూ, నర్సమ్మ మీరు చదివేశారా లేదా అని అడగమంది," అంది.

"ఏంటి?"

"అయిదో పాఠం."

"చదవకపోతే మగపిల్లలకి ఎలా చెప్పాను?"

"అదే, పిల్లలకోసం కాకుండా చదివారా అని అడగమంది," అని ఆ పిల్ల వెళ్ళిపోయింది. అయిదో పాఠం దైవపిలుపు. పిలుపు కేక వేసి రాదని, వేరే పనిలో ఉన్నప్పుడు పక్కన వచ్చి కూర్చుంటుందని అందులో ఉంది. పతెలిసియో కొంతదూరం నడిచాక, తను ఈల వేస్తున్నట్టు గమనించి ఆపేశాడు.

అదే సాయంత్రం పడవ వచ్చింది. బిషప్ గారు, ఫాదర్ బ్రెండన్, ఫాదర్ సోవనే దిగారు. ఇసిలేలి వచ్చి లూపే అత్త రమ్మంటోందని చెప్పాడు. వెళ్ళేసరికి ఆమె చాప మీద పడుకుని ఏడుస్తోంది.

"నా నోట్లో మన్ను పడ. తప్పు లెక్క పెట్టాను నాయనా. బిషప్ గారి ముందు వంశాలు చెప్పాలని అన్నీ మళ్ళీ కూడుతుంటే తేలింది. మా తాత అక్క నియువాకి కాపురానికెళ్ళింది కదా. ఆ ఇంటి బిడ్డే నర్సమ్మ నాయనమ్మ. ఆ పిల్ల నీకు చెల్లెలవుతుంది."

పతెలిసియో ఆమెకు మంచినీళ్ళు ముంచి ఇచ్చాడు. పెళ్ళి తప్పింది. అత్త పరువు పోలేదు, తప్పు వంశవృక్షానిది. ఆడపిల్లలకు పాఠాలయిపోయాయి. ఇంతకన్నా చక్కగా తెమిలే దారి సోమవారం నుంచి అతను మొక్కుకున్నా దొరికేది కాదు. అతను ఇంటికొచ్చి, ఉడికించిన పెండలం ముందు కూర్చున్నాడు. ఒక్క ముక్క కూడా దిగలేదు. సాయంత్రపు ఆరింటి గంట ఆరున్నరకి కొట్టాడు. ఇరవై ఏళ్ళలో ఎప్పుడూ అలా జరగలేదు. ఊరు దాన్ని బిషప్ గారి గౌరవార్థం అనుకుంది.

ఆదివారం చర్చి నిండిపోయింది. పంతొమ్మిది మంది తెల్లబట్టల్లో ముందు వరసల్లో ఉన్నారు. ఆక్లండ్ చుట్టాలు ఫోన్లెత్తి పట్టుకున్నారు. అభ్యంగనానికి ముందు ఫాదర్ బ్రెండన్ లేచారు. ఎర్రటి మొహం, మంచి మనిషి. పుస్తకాల్లో నేర్చుకున్న భాష, పిల్లలకన్నా శుద్ధంగా మాట్లాడతారు.

"పిల్లలూ, మూడో పాఠంలో దేహాన్ని గౌరవించడం అంటే ఏమిటని ఉంది. ఎవరు చెప్తారు?"

పంతొమ్మిది తలలు ఒక్కసారే వంగాయి.

"భయం లేదు," అని ఆయన చేతిలో పేర్ల కాగితం చూశారు. "కతలీనా, నువ్వు చెప్పమ్మా."

కతలీనా అన్న వైపు చూసింది. ఇసిలేలి కిటికీ వైపు చూశాడు. చర్చి కిటికీలకు ఊచలున్నాయి. ఫాదర్ బ్రెండన్ ఇంకో ప్రశ్న వేశారు, ఇంకొకరిని లేపారు. ఒక్కరూ పెదవి విప్పలేదు. వెనక వరసల్లో తల్లుల మొహాలు పాలిపోయాయి. ఆయన జేబులోంచి కలం తీసి, విచారంగా, "ఉపదేశి గారూ, పాఠాలు చెప్పలేదన్నమాట," అన్నారు. ఫాదర్ సోవనే పైకప్పు వైపు చూస్తున్నారు. బిషప్ గారు ఆ దీవుల్లో పుట్టినవారే. సంగతి ఆయనకు ఎప్పుడో అర్థమై రుమాలు నోటికి అడ్డం పెట్టుకున్నారు. అయినా కలగజేసుకోలేదు. "ఉపదేశి ఏమంటాడో విందాం," అన్నారు.

పతెలిసియో లేచాడు. చర్చినిండా చెల్లెళ్ళు. వాళ్ళ ముందు అనకూడని మాటలు ఆ పుస్తకంలో నూటయాభై దాకా ఉన్నాయి, అతను లెక్కపెట్టాడు.

"ఫాదర్ గారూ, వీళ్ళకి వచ్చు. చెప్పరు, అంతే. సోమవారం నేను ఆ పుస్తకంలో మొదటి వాక్యం చదివాను. చదవడం నా తప్పే. వాక్యం అయ్యేలోపు ఎనిమిది మంది మగపిల్లలు కిటికీలోంచి దూకేశారు. అదిగో వాడి మోకాలికి ఇంకా కట్టుంది. ఎందుకు దూకారు? వాళ్ళ అక్కచెల్లెళ్ళు తల దించుకోవాల్సి రాకూడదని. ఆరో పాఠంలో ఎదుటి మనిషి గౌరవం కోసం మన సౌఖ్యం వదులుకోవడం అని ఉంది కదండీ. అది వీళ్ళకి మొదటి రోజే వచ్చు. నేను చెప్పింది మిగతా అయిదే."

ఇసిలేలి కట్టున్న కాలు కొంచెం ముందుకు చాపాడు. ఫాదర్ బ్రెండన్ కలం మూత పెట్టేశారు. అక్కడితో కూర్చోవచ్చు. పతెలిసియో కూర్చోలేదు.

"ఇంకోటి కూడా చెప్పాలి. అయిదో పాఠం వీళ్ళకంటే నాకే ఆలస్యంగా వచ్చింది. నిన్న సాయంత్రం నాకు ఒక చెల్లెలు పెరిగిందని తెలిసింది. అన్న అన్నవాడు సంతోషించాలి. నాకు అన్నం సహించలేదు. గంట కూడా అరగంట ఆలస్యంగా కొట్టాను. ఊరందరూ క్షమించాలి."

ఆడవాళ్ళంతా తలలు దించుకున్నారు. మగాళ్ళు పందులకు మేత వేసే వేళయిందేమోనన్నట్టు గుమ్మం వైపు చూశారు. పదకొండో వరసలోంచి ఫిలోమేనా లేచి నిలబడింది.

"నేను ఆదివారం జవాబు చెప్తానన్నాను," అంది. "మా నాయనమ్మ ఆ ఇంట్లో పెరిగింది. పుట్టలేదు. పుట్టింది సమోవాలో, తల్లి చనిపోతే తెచ్చి పెంచుకున్నారు. నేను చెల్లెలినయ్యానని ఊళ్ళో అనుకుంటుంటే విని, ఈ మాట చెప్దామని రాత్రి లూపే అత్త ఇంటికి వెళ్ళాను. ఆవిడ ఏడుస్తున్నారు, ఎవరినీ రానివ్వద్దన్నారని గుమ్మంలోంచే పంపేశారు."

"సమోవాలోనా?" అంది లూపే అత్త ముందు వరసలోంచి, వేళ్ళు మడవడం మొదలుపెట్టి.

"సమోవాలోనే అత్తా. ఇకపోతే నాకు ఇష్టమో కాదో ఇన్నాళ్ళూ పంది అడిగింది, చాపలు అడిగాయి, పెద్దమనిషి గారు సముద్రం దగ్గర్నుంచి అడిగారు. మాస్టారు అడగలేదు. ఇప్పుడే అడిగారు." ఆమె కూడా నేలవైపు చూసింది, మొదటిసారి. "సరే."

లూపే అత్త వేళ్ళ లెక్క ముగించి, లేచి, బిషప్ గారికి ఒక దండం పెట్టి, ఎవరితోనూ ఏమీ అనకుండా బయటికి నడిచింది. పెళ్ళి తప్పిందనుకుని పొద్దున్నే ఆమె ఆ పందిని తాడు విప్పి వదిలేసింది. ఇప్పుడు దాన్ని పట్టుకోవాలి.

బిషప్ గారు రుమాలు తీసి, కళ్ళు తుడుచుకుని, పంతొమ్మిది మందికీ అభ్యంగనం చేశారు. ఫాదర్ బ్రెండన్ కాగితం మీద 'పాఠాలు సంపూర్తి' అని రాసి సంతకం పెట్టి, విందులో మూడుసార్లు వడ్డించుకున్నారు. ఇసిలేలి ఆ వారం తన మోకాలు చూపించి ఊరంతా తిరిగాడు. పతెలిసియో పెండలం ముక్కలు ఎన్ని తిన్నాడో ఫిలోమేనా లెక్క పెట్టింది, నర్సు అలవాటు కొద్దీ.

ఆ పుస్తకం వెంటనే తిరిగి పంపమని బిషప్ గారి ఆఫీసు నుంచి ఇప్పటికి మూడు ఉత్తరాలు వచ్చాయి. అది పెళ్ళి సామానులో కలిసిపోయిందని, దొరకగానే పంపుతామని పతెలిసియో మూడింటికీ ఒకటే జవాబు రాశాడు.